మెట్ల మీద శాసనసభ

రంగూన్ నడిబొడ్డున చౌక్తడాలో నేను ఇరవై రెండేళ్లు టైపిస్టుగా పనిచేసిన లాయరుగారి ఆఫీసు మూతపడింది. ఆర్నెల్లు ఇంట్లో ఊరికే కూర్చున్నాక ఒక పని దొరికింది. ఆ పనేమిటో చెబితే ఏరవతల తన్లిన్‌లో ఉండే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. అమెరికాలో ఒక రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, దాని శాసనసభ రోజూ ఏమేం చేసిందో గుమాస్తాలు చేత్తో రాసి పెట్టుకున్న పుస్తకాలున్నాయి. ఆ పేజీల ఫొటోలు నాకు వస్తాయి. వాటిని చదివి, కంప్యూటర్లో కొట్టి, తిరిగి పంపాలి. ఇరవై రెండేళ్లు లాయర్ల చేతిరాత చదివిన కళ్లు కాబట్టి పరీక్ష పెట్టిన రోజే నన్ను తీసుకున్నారు.

శాసనసభ అంటే పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఉంటాయనుకున్నాను. మొదటి వారం నాకు తగిలినవి కొవ్వొత్తులు. సభ గదికి పొయ్యి కర్రలు, గుమాస్తాకు సిరా, ఏరు దాటించిన పడవవాడి కూలి, జైలు కప్పు కారుతోందో లేదో చూసి రావడానికి ఒక కమిటీ, ఆ కమిటీ ఇంతవరకూ ఎందుకు వెళ్లలేదో కనుక్కోవడానికి ఇంకో కమిటీ. ఒకాయన యుద్ధంలో నా గుర్రం పోయింది, డబ్బివ్వండి అంటాడు. ఇంకొకాయన తోడేలును చంపాను, డబ్బివ్వండి అంటాడు. ఇద్దరికీ జరిగేది ఒకటే. అర్జీ ఇవాళ చదువుతారు, రేపు మళ్లీ చదువుతారు, ఎల్లుండి ముగ్గురు మనుషులకు అప్పజెబుతారు.

ఇంట్లో నాతో ఉండేది మా మేనత్త. చిమిండైంగ్ మార్కెట్లో నలభై ఏళ్లు మిరపకాయలు, పప్పులు అమ్మిన మనిషి. మోకాళ్లు పనిచేయడం మానేశాక దుకాణం అమ్మేసి నా దగ్గరకొచ్చింది. మాది ఆరంతస్తుల పాత బిల్డింగు, లిఫ్టు లేదు. నాలుగో అంతస్తుకు ఎక్కిన రోజు నుంచి అత్త మళ్లీ కిందికి దిగలేదు. అప్పటికి రెండేళ్లయింది. కింద అజమాయిషీ చేయడానికి ఎవరూ దొరక్క నా మీద చేసేది. టీలో ఎన్ని చెంచాల ఆకు వేశాను, ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది, బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడ పోశాను, అన్నీ కావాలి.

నాకు కరెంటు ఉన్న గంటల్లోనే పని. తప్పులు పట్టుకోవడానికి కొట్టిన పేజీని పైకి చదివేదాన్ని. పక్క గదిలోంచి అత్త, “ఏటే ఆ సదువు?” అనేది. తెలుగులో చెప్పేదాన్ని. పది రోజులయ్యేసరికి అత్త తన మంచం నా బల్ల పక్కకు జరిపించుకుంది.

ఆమెకు అన్నిటికంటే పట్టింది ఆ సభ దర్వాను కథ. రంగూన్లో తలుపు దగ్గర కాపలా ఉండేవాణ్ని అందరూ దర్వాను అనే అంటారు కాబట్టి నేనూ అలాగే చెప్పాను. చలి బాగా ఉన్న రోజుల్లో సభకు కర్రలు అయిపోతే ఆయన సొంత డబ్బుతో కొని పొయ్యిలో వేశాడు. ఆ డబ్బు ఇప్పించమని సభకు అర్జీ పెట్టుకున్నాడు.

“ఇచ్చేరా, నేదా?” అంది అత్త.

“ఇంకా తెలీదత్తా. ముగ్గురితో కమిటీ వేశారు. వాళ్లు చూసి చెబుతారట.”

“కర్రలు కాలిపోనాయి కదే! ఆల్లేటి సూస్తారు, బూడిదా?”

తర్వాతి ఫొటో తెరిచి చూశాను, అందులో కర్రల ఊసే లేదు. పైగా పేజీలు నాకు వరసగా వచ్చేవి కావు. ఒక రోజు మధ్యలోది, ఒక రోజు చివరిది. కర్రల సంగతి మళ్లీ ఎప్పుడు తగులుతుందో పంపేవాళ్లకే తెలియాలి. అత్త రోజూ పొద్దున్నే అడిగేది. చేపల పులుసు నూడుల్సు, మొహింగా, తింటూ కూడా అడిగేది.

రెండో అంతస్తులో ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు ఉన్నారు. బిల్డింగులో అందరూ ఆయన్ని సయాజీ అంటారు, అంటే పెద్ద పంతులుగారు. నీళ్ల పంపు దగ్గర తగాదాలైనా, మెట్ల మీద ఎవరైనా కిళ్లీ ఉమ్మినా ఆయన దగ్గరకే పోతుంది. ఆదివారాల్లో అత్తను పలకరించడానికి పైకి వచ్చేవారు. ఆయన మాట్లాడేది బర్మీసే, అత్తది మార్కెట్ బర్మీసు. నేను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఒక ఆదివారం అత్త ఆయనకు కర్రల కథ మొత్తం చెప్పింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా తెర మీదికి వంగారు.

“ఇక్కడ రెండు వరసల్లో పేర్లున్నాయి, ఏమిటివి?”

“ఇటువైపు వాళ్లు సరే అన్నారు సయాజీ. అటువైపు వాళ్లు వద్దన్నారు.”

“వద్దన్నవాళ్లు మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నారా?”

తర్వాతి పేజీ ఆ రోజుకి నా దగ్గరుంది. తీసి చూశాను. “వచ్చారు సయాజీ. అవే పేర్లు. కొవ్వొత్తుల దగ్గర మళ్లీ వద్దన్నారు.”

సయాజీ ఆ పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. తన టీ తాగనే లేదు. వెళ్లేటప్పుడు, ఆ సభ పద్ధతులన్నీ ఒక కాగితం మీద బర్మీసులో రాసి ఇమ్మని అడిగారు. రాసిచ్చాను. అది నా మొదటి తప్పు.

రెండో తప్పు ఆ వారమే చేశాను. మా బిల్డింగుకూ ఒక దర్వాను ఉన్నాడు. అరవై దాటిన మనిషి. రోజూ తన్లిన్ నుంచి వంతెన మీదుగా బస్సులో వస్తాడు. వాళ్ల తాతది శ్రీకాకుళం వైపు, ఓడరేవులో బస్తాలు మోయడానికి వచ్చాడట. ఆయన కుర్చీ చెక్కది, ఎన్నేళ్లదో తెలియదు. నేను కూరలు తీసుకుని వస్తుంటే ఆయన ఆ కుర్చీని తిరగేసి చూపిస్తూ ఏదో అడిగాడు. చేతుల్లో రెండు సంచులు. “సరే, చూస్తాను” అని మెట్లెక్కాను. నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ అత్తతో అన్నది ఒక్క ముక్క: “దర్వాను కుర్చీ కాలు ఊడిపోయిందట.”

అత్త లేచి కూర్చుంది. “అయితే మనోడు దర్కాస్తు ఎట్టుకున్నట్టే కదే!”

నాచేత అర్జీ రాయించింది. మా బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, కొసన క్లిప్పు, పైన చిన్న గంట. పేపరు, పాలు అన్నీ దాంతోనే పైకి లాగుతాం. అత్త ఆ క్లిప్పుకు అర్జీ తగిలించి కిందికి వదిలింది. రెండో అంతస్తు బాల్కనీలో సయాజీ చెయ్యి చాపి అందుకున్నారు. ఒక్క నిమిషం తర్వాత పైకి చూసి తల ఊపారు.

సభ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పెట్టారు. ఎక్కడ అన్నది సమస్య అయింది. అందరూ పట్టేంత గది ఎవరికీ లేదు. పైగా సైన్యం పాలిస్తున్న ఈ రోజుల్లో పదిమంది ఒక ఇంట్లో చేరి కూర్చుంటే, చూసేవాళ్లు ఏమనుకుంటారో అని మూడో అంతస్తు ఆవిడకు భయం. మూడుకీ నాలుగుకీ మధ్య మెట్ల మీద అయితే మంచిదన్నారు సయాజీ. ఎవరైనా అడిగితే కొందరం ఎక్కుతున్నాం, కొందరం దిగుతున్నాం అని చెప్పొచ్చు. అత్త మా గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. సయాజీ మలుపు దగ్గర నిలబడ్డారు. మిగతావాళ్లు మెట్టుకొకరు. నేను గుమాస్తాని, ఒళ్లో నోటుబుక్కు.

అర్జీ చదవగానే అందరూ సరేనన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సయాజీకి అది నచ్చలేదు.

“ఎవరైనా వద్దనాలి” అన్నారు.

కింది అంతస్తులో పెళ్లి కార్డులు అచ్చు వేసే ప్రెస్సాయన వైపు చూశారు సయాజీ. ఆయన ఎంత మెత్తని మనిషంటే, కార్డు మీద పెళ్లికొడుకు పేరు ఇంటివాళ్లే తప్పు రాసిచ్చినా తనే క్షమాపణ చెప్పి మళ్లీ వేసిస్తాడు.

“మీరు వద్దనండి.”

“నాకు అభ్యంతరం ఏమీ లేదు సయాజీ. కుర్చీయే కదా.”

“మీకు లేదని తెలుసు. సభకు కావాలి.”

“సరే. వద్దు.”

“ఎందుకు వద్దో చెప్పాలి.”

ప్రెస్సాయన చాలాసేపు గోడ వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. చివరికి, “మంచి కుర్చీ ఇస్తే నిద్రపోతాడు” అన్నాడు.

మెట్ల మీద కలకలం మొదలైంది. నిజమేనన్నారు ఇద్దరు. ఐదో అంతస్తు ఆయనైతే, పోయిన వర్షాకాలంలో తన గొడుగు ఎలా మాయమైందో ఇప్పుడు అర్థమవుతోందన్నాడు. తన మాటకు ఇంత బలం ఉందని ప్రెస్సాయనకు అప్పుడే తెలిసినట్టుంది. నిటారుగా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రతిదానికీ వద్దనడం మొదలుపెట్టాడు.

అమెరికాలో లాగే మూడు వేరు వేరు రోజుల్లో మూడుసార్లు చదవాలని తీర్మానించారు. అంటే మూడు ఆదివారాలు. ఈలోగా విరిగిన కుర్చీని చూసి రావడానికి ముగ్గురితో ఒక కమిటీ. సయాజీ, ప్రెస్సాయన, నేను. ముగ్గురం కిందికి వెళ్లాం. దర్వాను గౌరవంగా లేచి పక్కన నిలబడ్డాడు. అప్పటికే ఆయన ఒక నూనె డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుంటున్నాడు. కుర్చీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాం. కుర్చీకి నాలుగు కాళ్లు ఉన్నవనీ, వాటిలో ఒకటి కుర్చీకి అంటుకుని లేదనీ నివేదిక రాశాను. ప్రెస్సాయన తన అసమ్మతిని విడిగా రాయించాడు. మిగతా మూడూ గట్టిగానే ఉన్నాయని దాని సారాంశం.

మెట్లు దిగుతూ ఎక్కుతూ అందరూ దర్వానుకు ధైర్యం చెప్పేవాళ్లు. “నీ సంగతి చూస్తున్నాం. రెండోసారి చదివాం.” ఆయన చేతులు కట్టుకుని నవ్వేవాడు.

మూడోసారి చదివి, కొత్త కుర్చీ కొనాలని తేలాక, ఎలాంటి కుర్చీ అన్నది మిగిలింది. చిమిండైంగ్ మార్కెట్‌కు అదే కమిటీని పంపారు. అత్తకు మార్కెట్లో ప్రతి సందూ తెలుసు కాబట్టి ఫోన్లో నడిపించింది. “ఎండుచేపల ఆవిడ కాడ ఎడంపక్కకి తిరగండి. కొబ్బరికాయల కొట్టు దాటేరా? దాటకండి, దాటితే మోసం!” ప్లాస్టిక్ కుర్చీల కొట్టు దొరికింది. సయాజీ ఒక్కొక్క కుర్చీలో ఐదేసి నిమిషాలు కూర్చున్నారు. ప్రెస్సాయన ఒక్కొక్కదానిలో కూర్చుని, సౌకర్యం ఎక్కువగా ఉందని అభ్యంతరం చెప్పాడు. నేను రాసుకున్నాను. కొట్టు ఆవిడ ముప్పావు గంట ఓపిక పట్టింది.

“ఇంతకీ ఏది కొంటున్నారు?”

“కొనడానికి రాలేదమ్మా. చూసి నివేదిక ఇవ్వడానికి వచ్చాం” అన్నారు సయాజీ.

ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి ఇంకో మనిషిని పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి చూశారు.

చేతులున్న ఆకుపచ్చ కుర్చీ అని నివేదికలో రాశాం. తర్వాతి ఆదివారం ఆమోదం పొందింది. సోమవారం వెళ్లేసరికి ఆకుపచ్చవి అమ్ముడైపోయాయి. అదే కుర్చీ ఎరుపులో ఉంది. నేను డబ్బు తీశాను. సయాజీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. సభ ఇచ్చిన అనుమతి ఆకుపచ్చకు. ఎరుపు కొనే అధికారం మాకు లేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాం.

అత్త మండిపడింది. “రంగు మీద కూకుంటాడేటే ఆ మడిసి? నలబై ఏళ్లు కొట్టు నడిపినాను నాను. ఎర్ర మిరపకాయ నేదంటే పచ్చదైనా ఇచ్చి పంపినాను గానీ, ఒక్కల్ని ఉత్త సంచీతో పంపనేదు!”

ఆమె మాట సబబే. కానీ సయాజీ కదల్లేదు. మరుసటి ఆదివారం తీర్మానంలో ‘ఆకుపచ్చ’ అన్న మాట కొట్టేసి ‘ఏ రంగైనా’ అని చేర్చారు. అలా వదిలేస్తే గులాబీ రంగు తెచ్చే ప్రమాదముందని ప్రెస్సాయన హెచ్చరించాడు. ఇద్దరు ఆయన వైపు వెళ్లారు. అయినా నెగ్గింది. మంగళవారం మేం వెళ్లేసరికి కొత్త సరుకు దిగి ఉంది. అన్నీ ఆకుపచ్చే.

కుర్చీ అయితే వచ్చింది. దర్వానుకు మాత్రం చేరలేదు. వీధి గుమ్మంలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని ప్రెస్సాయన లేవనెత్తాడు. దాంతో పర్యవేక్షణ కమిటీ ఒకటి పుట్టింది. నియమాలు తయారయ్యేదాకా కుర్చీని ప్లాస్టిక్ కవరు తీయకుండా సయాజీ ఇంట్లో ఉంచారు. దర్వాను పొద్దున రెండో అంతస్తుకు వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి, మధ్యాహ్నం ఒకసారి తనిఖీ, సాయంత్రం తుడిచి అప్పగించాలి. నేను రాసిన ఈ నియమాలను మొదటిసారి చదివిన రోజు దర్వాను కింద నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఆరు వారాలయింది. నేను కింది నుంచి వచ్చేటప్పుడు ఆయన వైపు చూడటం మానేశాను. ఎందుకో చూడబుద్ధి కాలేదు.

ఆ బుధవారం నాకు వచ్చిన ఫొటోల్లో కర్రల దర్వాను మళ్లీ కనిపించాడు. అత్త మంచం మీద నుంచే తెరలోకి మెడ చాపింది.

“సదవే, బేగి సదువు!”

చదివాను. కమిటీ ఆయన్ని సభ ముందుకు పిలిచింది. ఎన్ని కర్రలు, ఎన్ని రోజులు అని అడిగింది. ఆయన చెప్పాడు. అడిగినదానిలో సగానికి కాస్త ఎక్కువ ఇచ్చారు.

“మిగతాది?”

“ఇవ్వలేదత్తా. కారణం రాయలేదు.”

అత్త ఆ దేశాన్ని కాసేపు తిట్టింది. తర్వాత మెల్లగా, “ఆడ్ని పిలిసి అడిగినారు కదూ” అంది.

“అడిగారు.”

“మరి మనోడ్ని మనవు ఎవులమైనా పిలిసి అడిగినామేటే?”

నోటుబుక్కు మొదటి నుంచీ తిరగేశాను. ఆరు వారాల సభ, రెండు కమిటీలు, మూడు మార్కెట్ ప్రయాణాలు. దర్వాను నోటి మాట ఒక్కటి కూడా అందులో లేదు.

ఆదివారం ఆయన్ని పైకి పిలిపించారు. ఎందుకు పిలిచారో తెలియక ఆయన శుభ్రమైన చొక్కా తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టున్నాడు. మెట్ల మీద అందరూ కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. సయాజీ ఆయన్ని కూర్చోమన్నారు. ఎక్కడ కూర్చోవాలో తోచక ఆయన నిలబడే ఉన్నాడు.

“మీరు సభకు పెట్టుకున్న అర్జీ గురించి మీ మాటల్లో చెప్పండి” అన్నారు సయాజీ.

దర్వాను నా వైపు చూసి తెలుగులో అడిగాడు. “నాను ఏటి అడిగినానమ్మా?”

“కుర్చీ” అన్నాను.

“కుర్చీయా? నాను కుర్చీ అడగనేదమ్మా. సుత్తి అడిగినాను. మీ ఇంట్లో సుత్తి ఉంటే ఒక్క పది నిమిసాలు ఇమ్మన్నాను. రెండు మేకులు కొట్టుకుంటే సరిపోద్ది. మేకులు నా కాడున్నాయి.”

జేబులోంచి తీసి చూపించాడు. రెండు మేకులు. ఆరు వారాల నుంచీ జేబులోనే ఉన్నాయి కాబోలు, కాస్త తుప్పు పట్టాయి.

అత్త నా వైపు తిరిగింది. తెలుగు రాకపోయినా మెట్ల మీద వాళ్లందరూ నా ముఖం చూసి ఏదో జరిగిందని గ్రహించారు. బర్మీసులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆ రెండు సంచులు, ఆ రోజు ఎండ, నేను రొప్పుతూ సగం మాట పైకి మోసుకొచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. ఇరవై రెండేళ్లు ఎదుటివాళ్ల మాట ఒక్క అక్షరం పోకుండా టైపు చేశానని నాకు కాస్త గర్వం ఉండేది.

“మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదయ్యా?” అని అడిగింది అత్త.

“ఏటి సెప్పమంటారమ్మా? దిగినోలు దిగినట్టు, ఎక్కినోలు ఎక్కినట్టు, నీ సంగతి సూస్తన్నాం అన్నారు. ఇంత పెద్ద బిల్డింగుల సుత్తి దొరక్క ఎతుకుతన్నారేమో, పాపం అనుకున్నాను.”

అప్పుడు ప్రెస్సాయన మెల్లగా చెయ్యెత్తాడు. “నా దగ్గర మూడు సుత్తులున్నాయి.”

సయాజీ సభను అరగంట వాయిదా వేశారు. అరగంట అక్కర్లేకపోయింది. పైనుంచి వింటున్నాం, కింద తొమ్మిదో పదో దెబ్బలు పడ్డాయి, అంతే. ప్రెస్సాయన కుర్చీ పట్టుకున్నాడట, దర్వాను కొట్టాడట.

సభ మళ్లీ కూడింది. ఇప్పుడు సయాజీ ఇంట్లో ఉన్న ఆకుపచ్చ కుర్చీని ఏం చేయాలి? దర్వాను తీసుకోనన్నాడు. తన కుర్చీ తన నడుముకు అలవాటైపోయిందన్నాడు. మార్కెట్లో తిరిగిచ్చేద్దామంటే, ఆ కొట్టు ఆవిడ ముఖం మళ్లీ చూడటానికి సయాజీకి, నాకు మొహం చెల్లలేదు. కొన్నదాన్ని వాడకుండా పెట్టడం సభకు అప్రతిష్ఠ అన్నారొకరు. వాడటానికి వద్దన్నాడు ప్రెస్సాయన. దాచిపెట్టడానికీ వద్దన్నాడు. అలవాటైపోయింది.

అత్త గుమ్మంలో పీట మీద నుంచి లేచి నిలబడింది.

“ఎవులికీ అక్కర్నేకపోతే నాను కూకుంటాను. తెండి కిందకి.”

“అత్తా, నువ్వు మెట్లు దిగలేవు.”

“దిగనేనని ఎవులు తీర్మానించేరు? ఎప్పుడు సదివేరు మూడు సార్లు?”

దిగింది. నలభై నిమిషాలు పట్టింది. నేనొక పక్క, ఐదో అంతస్తు ఆయన ఒక పక్క. ఒక్కో మలుపు దగ్గర ఆగి, ఎవరి గుమ్మం ముందు చెప్పులు ఎలా పడి ఉన్నాయో చూసి, దానికి తగ్గ మాట అంది. ముందు సయాజీ కుర్చీ ఎత్తుకుని దిగారు, ఆయనకూ డెబ్బై దాటాయి. వీధి గుమ్మంలో దర్వాను కుర్చీ పక్కన కవరు చింపి వేశారు. అత్త కూర్చుంది. చేతుల మీద చేతులు ఆన్చుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. సైకిలు రిక్షా, పళ్ల బండి, ఎదురుగా జెనరేటరుకు తాళం వేసుకుంటున్న ఫొటోస్టాట్ కొట్టు మనిషి. “అబ్బ” అంది, అంతే. ఆ తర్వాత గంటసేపు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దర్వానుతో తన్లిన్ సంగతులు మాట్లాడింది.

తిరిగి ఎక్కడం ఆమె వల్ల కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టే నలుగురు మోశారు. ప్రెస్సాయన ముందు కాళ్లలో ఒకటి పట్టుకుని, బరువు గురించి ప్రతి మలుపులోనూ అసమ్మతి తెలిపాడు.

మర్నాడు అత్త మళ్లీ దిగుతానంది. ఎవరు ఏ రోజు మోయాలన్న జాబితా నేనే రాశాను. సభ ఒక్క ఆదివారంలోనే దాన్ని ఆమోదించింది, మూడుసార్లూ అదే పూట చదివేసి. సయాజీ పద్ధతి తప్పినది ఆ ఒక్కసారే.

కర్రల పుస్తకం అయిపోయింది. ఇప్పుడు అదే రాష్ట్రానివి రోడ్ల మరమ్మతు పేజీలు పంపుతున్నారు. పైకి చదివితే వినేవాళ్లు ఇంట్లో లేరు. వారం గడిచేలోపు అత్త ఒడిలో ఒక చేట చేరింది, చేటలో ఎండు మిరపకాయలు. తర్వాత చిన్న బల్ల, బల్ల మీద చింతపండు, ధనియాలు, పసుపు. చిమిండైంగ్‌లో పాత పరిచయస్తులు సరుకు పంపుతున్నారు. బిల్డింగు గుమ్మంలో వ్యాపారం కూడదని ప్రెస్సాయన లేచాడు. ఈసారి ఆయనకు నిజంగానే అభ్యంతరం. ఆయన తలుపుకు మిరపకాయల ఘాటు తగిలి, కార్డులు తీసుకోవడానికి వచ్చినవాళ్లు తుమ్ముతున్నారు. ఆ అర్జీని ఇప్పటికి రెండుసార్లు చదివారు. బల్లను గుమ్మానికి అవతలి పక్కకు జరపాలని సవరణ వచ్చేట్టుంది. అత్త దానికి సిద్ధంగానే ఉంది. అటువైపు నీడ ఎక్కువట.

నిన్న మధ్యాహ్నం పైన గంట మోగింది. తాడు పట్టుకుని కింద నుంచి అత్త లాగుతోంది. అన్నం తినాలి, కాసేపు వచ్చి కూర్చో అంది. వెళ్లి ఆకుపచ్చ కుర్చీలో కూర్చున్నాను. అత్త లోపల మెట్టు మీద క్యారియరు విప్పుకుంది. ఒక బర్మా ఆవిడ వచ్చి చింతపండు ఎంత అని అడిగింది. నాకు తెలియదు. దర్వాను తన కుర్చీలోంచి లేవకుండానే ధర చెప్పి, “మంచి సరుకమ్మా, గింజ నేదు” అన్నాడు తెలుగులో. ఆవిడకు ఏం అర్థమైందో కానీ అరవీశ తీసుకుంది.